వాంటన్‌లు నూనెలో విచ్చుకుపోతున్నాయి, శనివారమే పాప పుట్టినరోజు

ఫ్రిస్కో_శ్రావణి
ఈ శనివారం మా పాప మొదటి పుట్టినరోజు. ఇంట్లోనే చేస్తున్నాం. పెద్దవాళ్ళు 34 మంది, పిల్లలు 11 మంది. భోజనం బయట చెప్పేశాం, స్టార్టర్లు మాత్రం నేనే చేస్తానని పట్టుబట్టాను. వాటిలో వాంటన్‌లు ఒకటి, పల్చటి పిండి షీట్‌లో స్టఫింగ్ కూరి చేసే చైనీస్ వంటకం. నిన్న రాత్రి ట్రయల్‌కి 12 చేస్తే 7 నూనెలోనే విచ్చుకున్నాయి. లోపలిదంతా బయటికొచ్చి నూనె నిండా నల్ల నలుసులు. మిగతా అయిదూ తీసినప్పుడు కరకరలాడాయి. పావుగంట తర్వాత చూస్తే తడిసిన అప్పడంలా సాగుతున్నాయి.

ఏం చేశానో చెప్తాను. షాపులో దొరికే చదరపు షీట్లు, ఒక్కోటి మూడున్నర అంగుళాలు. లోపల క్రీమ్ చీజ్, స్వీట్ కార్న్, ఉల్లికాడలు, క్యాప్సికమ్, మిరియాల పొడి. ఒక్కో దాంట్లో నిండుగా ఒక టేబుల్ స్పూన్ పెట్టాను. అంచులకు నీళ్ళు రాసి నాలుగు మూలలూ పైకి తెచ్చి మూటలా కట్టాను. నూనె పొగ వచ్చేదాకా కాగాక వేశాను. తీసినవి గిన్నెలో టిష్యూల మీద వేసి, చల్లారకుండా పైన ఫాయిల్ కప్పాను.

మా వారు సమోసాలు ఆర్డర్ ఇచ్చేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి. నాలుగు రోజులే ఉంది.

కజ్జికాయల_కనకం
టేబుల్ స్పూనా తల్లీ! ఆ షీట్‌కి టీస్పూన్ చాలు, అదీ తలకొట్టి. కజ్జికాయ పొట్ట పగిలేది కూడా పూర్ణం ఎక్కువ కూరినప్పుడే. పెట్టాక "అయ్యో ఇంతేనా" అనిపించాలి, అప్పుడు సరిపోయినట్టు.

మిర్చిబజ్జీ_మల్లేశ్
ఫాయిల్ తీసి పక్కన పెట్టండక్కా. వేడివేడిగా మూత పెడితే ఆవిరి ఎటు పోతుంది? మళ్ళీ దాని మీదే పడుతుంది. మెత్తబడటానికి అదే కారణం.

ఎడిసన్_హరి
నూనె గొడవే వద్దు. ఎయిర్ ఫ్రయర్‌లో 375 డిగ్రీల ఫారన్‌హీట్, ఏడు నిమిషాలు. మేం రెండేళ్ళుగా అలాగే చేస్తున్నాం. విచ్చుకునేదీ లేదు, చిందేదీ లేదు.

మిర్చిబజ్జీ_మల్లేశ్
@ఎడిసన్_హరి 45 మందికి ఎయిర్ ఫ్రయర్ అన్నా? ఒక్కో వాయికి పది పడతాయి. కేక్ కోసే టైముకి మొదలెడితే పాప రెండో పుట్టినరోజు వస్తుంది.

ఎడిసన్_హరి
@మల్లేశ్ ఓవెన్‌లో పెట్టొచ్చుగా. రెండు ట్రేలు ఒకేసారి.

బెజవాడ_వంటమాస్టర్
చైనీస్ సెక్షన్‌లో తొమ్మిదేళ్ళు చేశాను. రోజుకి మూడొందల వాంటన్‌లు చుట్టిన చేతులివి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

శ్రావణి గారూ, మీ 12లో 7 పోవడానికి మూడు కారణాలు కలిశాయి. ఎక్కువ కూరడం ఒకటి, కనకం గారు చెప్పారు. రెండోది తడి. స్వీట్ కార్న్, క్యాప్సికమ్ రెండూ నీళ్ళు వదిలేవే. షీట్ పల్చటి పిండి. లోపలి తడికి పది నిమిషాల్లో నానిపోయి అడుగున మచ్చలు పడుతుంది. వేడి నూనెలో ముందు అక్కడే చిరుగుతుంది. మూడోది గాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. లోపల గాలి ఉండిపోతే వేడికి ఉబ్బి, అతుకు బలహీనంగా ఉన్నచోట తోసుకుని బయటికొస్తుంది.

ఎలా మూయాలంటే: షీట్‌ని అరచేతిలో డైమండ్ ఆకారంలో పెట్టుకోండి. మధ్యలో కాకుండా ఒక మూల వైపుకి కొంచెం జరిపి టీస్పూన్ పెట్టండి. రెండు అంచులకే నీటి వేలు తిప్పండి. తడి కనపడాలి, చుక్క నిలవకూడదు. త్రికోణంగా మడిచి ముందు పై మొన నొక్కండి. తర్వాత స్టఫింగ్ పక్కనుంచి బయటికి, బొటనవేలితో గాలిని తోసుకుంటూ అంచుదాకా రండి. చివర్న వెలుతురుకి ఎత్తి చూడండి. స్టఫింగ్ చుట్టూ షీట్ అతుక్కుని ముద్దలా కనపడితే సరే. బుడగ కనపడితే ఇంకోసారి నొక్కండి.

మూట షేపు చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్తవాళ్ళకి వద్దు. పైన మడతలు కలిసిన చోట పిండి నాలుగు పొరలై లోపల పచ్చిగా మిగులుతుంది, పైగా విప్పుకుంటుంది. త్రికోణం చేయండి.

నూనె 350 ఫారన్‌హీట్, అంటే 175 సెల్సియస్ దగ్గర ఉండాలి. పొగ వస్తోందంటే చాలా ఎక్కువ కాగినట్టు.

ఫ్రిస్కో_శ్రావణి
మాస్టర్ గారూ, ఇంత ఓపికగా చెప్పినందుకు చాలా చాలా థాంక్స్. థర్మామీటర్ లేదు, ఎలా తెలుసుకోవాలి?

బెజవాడ_వంటమాస్టర్
షీట్ ముక్క ఒకటి చించి వేయండి. వెంటనే పైకి తేలి చుట్టూ సన్న బుడగలు రావాలి, అర నిమిషానికి బంగారు రంగు తిరగాలి. వేసీ వేయగానే గోధుమ రంగు వచ్చేస్తే మంట తగ్గించండి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు.

అనకాపల్లి_బెల్లం
అంచులకి నీళ్ళు చాలవు. మైదా, నీళ్ళు చిక్కగా కలిపి ఆ పేస్ట్ రాయాలి. మా అమ్మ సమోసాలకి అదే వాడుతుంది, ఒక్కటీ ఊడదు.

బెజవాడ_వంటమాస్టర్
@అనకాపల్లి_బెల్లం సమోసా పట్టీకి అది సరే, ఆ పట్టీ ముందే పెనం మీద సగం కాలుతుంది కాబట్టి నీళ్ళకి అతుక్కోదు. వాంటన్ షీట్ పచ్చిపిండి. నీళ్ళు తగిలితే తనే జిగురవుతుంది. పేస్ట్ రాస్తే అంచు మందమై గట్టిగా వస్తుంది. షీట్లు ఎండిపోయి ఉంటే మాత్రం పేస్టే దిక్కు.

కజ్జికాయల_కనకం
ఎండిపోనివ్వడం దేనికి? తడిపి పిండిన పల్చటి బట్ట షీట్ల మీద కప్పండి, చుట్టేసిన వాటి మీద ఇంకోటి. కజ్జికాయల పూరీలకి మేం చేసేది అదేగా.

సింగపూర్_సుబ్బు
చిన్న మాట. ఇక్కడ వాంటన్ మీ అని నూడుల్స్ అమ్ముతారు. అందులో ఉడికించినవి కొన్ని, వేయించినవి కొన్ని వేస్తారు. అసలు వాంటన్ పుట్టింది సూపుకోసం. హాంకాంగ్‌లో తింటే తెలుస్తుంది. లోపల రొయ్య, పంది మాంసం, పైన షీట్ సిల్కు గుడ్డలా సూపులో తేలుతుంది. కాంటనీస్‌లో ఆ పేరుకి రాసే అక్షరాలకు అర్థం "మబ్బు మింగడం". సిచువాన్‌లో ఇదే వంటకాన్ని "చేతులు కట్టుకోవడం" అని అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు, రెండు మొనలు ముందుకు తెచ్చి మడుస్తారు కదా, అందుకని.

మరి క్రీమ్ చీజ్, మొక్కజొన్న కూరి వేయిస్తే దాన్ని వాంటన్ అనొచ్చా? నాకైతే మనసు రావట్లేదు. మంచి రొయ్యలు తెచ్చి, సగం తరిగి సగం దంచి, నువ్వుల నూనె, తెల్ల మిరియాలు, కొంచెం కార్న్‌ఫ్లోర్ వేసి చేయండి. రుచి అంటే అది.

మిర్చిబజ్జీ_మల్లేశ్
@సింగపూర్_సుబ్బు ఏడాది పాప పుట్టినరోజుకి సూపా? 11 మంది పిల్లలు, కార్పెట్ ఉన్న ఇల్లు.

రంగం_మనవడు
సుబ్బు గారు చెప్పింది నిజమే. కానీ క్రీమ్ చీజ్ వాంటన్‌కి కూడా అమెరికాలో ఒక చరిత్ర ఉంది. దాన్ని "క్రాబ్ రంగూన్" అంటారు. ట్రేడర్ విక్స్ అనే రెస్టారెంట్ల మెనూలో 1950ల్లోనే ఉంది. పీత మాంసం, క్రీమ్ చీజ్ కలిపి వాంటన్ షీట్‌లో వేయించేవారు. బర్మా వంటల్లో క్రీమ్ చీజ్ లేదు, అక్కడి రంగూన్ ఊరి పేరు మాత్రం తగిలించారు.

ఆ పేరు మెనూలో మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. మా ముత్తాత కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళి ధాన్యం మిల్లులో పనిచేశాడు. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు అడవుల్లో నడిచి తిరిగొచ్చిన వేల మందిలో ఆయన ఒకడు. మా ఇంట్లో రంగం అంటే ఆ నడక. అమెరికాలో మాత్రం అది చీజ్ పెట్టిన స్టార్టర్ పేరు.

శ్రావణి గారూ, మీరు చేస్తున్నది అందులో పీత లేని రకం. నిశ్చింతగా చేయండి.

ఫ్రిస్కో_శ్రావణి
@రంగం_మనవడు చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి. మా అమ్మమ్మ వాళ్ళ వైపు కూడా "రంగం పెట్టె" అని ఒక టేకు పెట్టె ఉండేది. ఆ పేరు ఎందుకొచ్చిందో ఇవాళ అర్థమైంది.

పాతబస్తీ_పిల్ల
వాంటన్ అవునా కాదా అని కొట్లాట ఎందుకు? మా హైదరాబాద్‌లో లుక్మీ ఉంది, పెళ్ళి దావత్‌లో మొదట వచ్చేది అదే. చదరంగా కోసిన మైదా పొరల మధ్య ఖీమా. సమోసా నుంచే వచ్చిందంటారు, ఆకారం మారింది, పేరు మారింది. తినేవాళ్ళు తిన్నారు.

తడి సంగతి నేను చెప్తా. ఇరానీ కేఫ్‌లో చిన్న ఉల్లిపాయ సమోసా తిన్నారు కదా? పచ్చి ఉల్లిపాయ పెట్టినా అది ఎట్లా మెత్తబడదు? అందులో అటుకులు కలుపుతారు. ఉల్లిపాయ వదిలే నీళ్ళన్నీ అటుకులు తాగేస్తాయి. శ్రావణి అక్కా, మీ కార్న్ మిక్స్‌లో పల్చటి అటుకులు గుప్పెడు నలిపి వేసి పది నిమిషాలు ఉంచండి. తేడా మీకే తెలుస్తది.

కజ్జికాయల_కనకం
అటుకుల మాట నాకు తట్టలేదు. బంగారం లాంటి చిట్కా.

ఎడిసన్_హరి
బ్రెడ్ పొడి కూడా పనిచేస్తుంది.

పాతబస్తీ_పిల్ల
చేస్తది, కానీ ఎక్కువైతే పిండి రుచి వస్తది. అటుకులు తెలియను కూడా తెలియవు.

లెక్కల_మాస్టారు
ఎన్ని చేయాలో ఎవరూ అడగలేదు. భోజనం ఉంది, వేరే స్టార్టర్లూ ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్ళకి తలా 4, పిల్లలకి తలా 3 చాలు. 34 × 4 = 136. 11 × 3 = 33. మొత్తం 169. చిరిగేవి, రుచి చూసేవి పదిశాతం కలిపితే 186. ప్యాకెట్‌కి సుమారు 50 షీట్లుంటాయి, నాలుగు ప్యాకెట్లు కొనండి. టీస్పూన్ చొప్పున స్టఫింగ్ సుమారు కిలో పడుతుంది.

అసలు ఇబ్బంది టైముతో. నిమిషానికి రెండు చుడితే ఒక్కరికి గంటన్నర. వేయించడం: వాయికి 8, నూనె మళ్ళీ కాగడంతో కలిపి నాలుగు నిమిషాలు. ఒక్క మూకుడైతే గంటన్నర దాటుతుంది. రెండు పొయ్యిల మీద రెండు మూకుళ్ళు పెట్టండి. చుట్టడం మాత్రం ముందురోజే అయిపోవాలి.

ఫ్రిస్కో_శ్రావణి
మాస్టారూ, ఈ లెక్క చూశాకే నాకు అసలు టెన్షన్ మొదలైంది. ముందురోజు చుట్టి ఫ్రిజ్‌లో పెడితే అంటుకుపోవా?

బెజవాడ_వంటమాస్టర్
ఫ్రిజ్‌లో వద్దు, రాత్రంతా నాని ముద్దవుతాయి. ఫ్రీజర్‌లో పెట్టండి. ట్రేలో బేకింగ్ పేపర్ వేసి కార్న్‌ఫ్లోర్ చల్లి, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. రెండు గంటలకి రాయిలా అవుతాయి, అప్పుడు జిప్ కవర్లలో వేసేయండి. శనివారం ఫ్రీజర్ నుంచి నేరుగా నూనెలోకే. కరగనిస్తే పనికిరావు. ఒక వాయికి ఆరుకి మించి వేయొద్దు, చల్లటివి ఎక్కువ పడితే నూనె వేడి పడిపోతుంది.

క్రీమ్ చీజ్ వాటికి ఇంకో లాభం ఉంది. గట్టిగా గడ్డకట్టి ఉంటే పైన రంగు తిరిగేలోపు చీజ్ కరిగి తోసుకురాదు.

మాదాపూర్_మౌనిక
ఐస్ తునకలు అంటుకుని ఉంటే నూనె చిందుతుంది, జాగ్రత్త. మా ఇంట్లో పోయినేడాది నా చేతి మీద పడింది, మచ్చ ఇంకా ఉంది. ఫ్రీజర్‌లోంచి తీయగానే పైన తెల్ల ఐస్ పొడి ఉంటే దులిపి వేయండి. అందరికంటే ముందు, పిల్లల్ని వంటగది వైపు రానివ్వకండి. ఏడాది పాప అంటే ఇప్పుడిప్పుడే నడుస్తూ ఉంటుంది. మూకుడు కాడ లోపలి వైపుకి తిప్పి ఉంచండి.

ఫ్రిస్కో_శ్రావణి
మౌనికా, మా వారు బ్యాక్‌యార్డ్‌లో గ్యాస్ స్టవ్ పెడతానన్నారు, గేటు మూసేసి. నీ పోస్ట్ చదివించాను, వెంటనే ఒప్పుకున్నారు.

శాకాహారి_శారద
ఇప్పటిదాకా ఎవరూ ఒకటి అడగలేదు. మీ షీట్ల ప్యాకెట్ వెనక చదివారా? చాలా వాంటన్ షీట్లలో గుడ్డు ఉంటుంది.

నాలుగేళ్ళ క్రితం ఒక ఇంటికి వెళ్ళాం. "వెజ్ వాంటన్" అని ప్రేమగా వడ్డించారు. మా అత్తగారు మూడు తిన్నారు. తర్వాత వంటగదిలో ఖాళీ ప్యాకెట్ మీద గుడ్డు అని ఉండటం మా అమ్మాయి చూసింది. ఆవిడ డెబ్భై ఏళ్ళలో ఎప్పుడూ గుడ్డు ముట్టలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఇంటికొచ్చి తలస్నానం చేసి రాత్రి ఏమీ తినకుండా పడుకున్నారు. పెట్టినవాళ్ళు కావాలని చేయలేదు, వాళ్ళకి తెలియదు. అయినా ఆ రాత్రి ఆవిడ ముఖం నేను మర్చిపోలేను. దయచేసి చదవండి.

ఫ్రిస్కో_శ్రావణి
ఇప్పుడే లేచి వెళ్ళి చూశాను. ఉంది. పదార్థాల్లో మూడోదే గుడ్డు. శారద గారూ, మా పిన్ని, బాబాయి, పక్కింటి జైన్ ఫ్యామిలీ అందరూ వస్తున్నారు. మీరు చెప్పకపోతే ఏమయ్యేదో. ఇప్పుడేం చేయను?

శాకాహారి_శారద
కంగారు పడకండి. ఏషియన్ షాపులో రిఫ్రిజిరేటెడ్ సెక్షన్‌లో గుండ్రటి డంప్లింగ్ షీట్లు దొరుకుతాయి. చాలావాటిలో పిండి, నీళ్ళు, ఉప్పే. కానీ ప్రతి ప్యాకెట్టూ చదవాల్సిందే. పసుపు రంగు చూసి గుడ్డు అనుకోవద్దు, కొన్నిట్లో అది వేసిన రంగే. తెల్లగా ఉంది కాబట్టి గుడ్డు లేదనీ అనుకోవద్దు. జైన్ వాళ్ళకి ఉల్లికాడలు వేయనివి విడిగా చేయండి. ఆయిస్టర్ సాస్ శాకాహారం కాదు, అది కూడా గుర్తుంచుకోండి.

సింగపూర్_సుబ్బు
గుండ్రటి షీట్లైతే అర్ధచంద్రంగా మడవాలి, కొంచెం మందంగా ఉంటాయి, వేగడానికి ఇంకో నిమిషం పడుతుంది. ఇక వాంటన్ అని ఎలాగూ అనలేం.

కజ్జికాయల_కనకం
అర్ధచంద్రం అంటే కజ్జికాయే కదా నాయనా! అంచు జడలా అల్లుకోవచ్చు. బొటనవేలితో అంచు కొసని లోపలికి మడిచి నొక్కడం, పక్కకి జరిగి మళ్ళీ మడిచి నొక్కడం. అల్లిన అంచు ఊడటం నేనెప్పుడూ చూడలేదు.

అనకాపల్లి_బెల్లం
షీట్లు దొరకకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు కప్పుల మైదా, అర టీస్పూన్ ఉప్పు, ముప్పావు కప్పు వేడి నీళ్ళు కొంచెం కొంచెంగా. గట్టిగా కలిపి అరగంట నానబెట్టి, కార్న్‌ఫ్లోర్ చల్లుకుంటూ అవతలి వేళ్ళు కనపడేంత పల్చగా ఒత్తాలి.

లెక్కల_మాస్టారు
186 ఒత్తాలి. రెండో బిడ్డకి ప్రయత్నించమనండి.

బెజవాడ_వంటమాస్టర్
చికెన్ కూడా పెడుతున్నారా? పెడితే నూనె సంగతి చూసుకోండి. ఒక మూకుడు వెజ్‌కి, ఇంకోటి చికెన్‌కి, జల్లి గరిటెలు కూడా వేరువేరు. ఖీమాని ముందే పూర్తిగా వండి, నీరంతా ఇగిరాక, ఫ్రిజ్‌లో చల్లబరిచి నింపండి. పచ్చి ఖీమా పెడితే పైన రంగు తిరిగినా లోపల ఉడికిందో లేదో తెలియదు.

ఫ్రిస్కో_శ్రావణి
చికెన్ 80, వెజ్ 110 అనుకుంటున్నాను. వేరే ఆకారంలో మడిస్తే కలవవు కదా? చికెన్‌వి నా దగ్గరున్న చదరపు షీట్లతో త్రికోణాలు. వెజ్‌వి గుండ్రటి షీట్లతో కనకం గారి జడ.

శాకాహారి_శారద
ఇది చాలా మంచి ఆలోచన. ప్లేట్ ముందు చీటీ కూడా పెట్టండి.

ఎడిసన్_హరి
డిప్ ఏంటి? బాటిల్ స్వీట్ చిల్లీ సాస్ తప్ప ఇంకేమైనా ఉందా?

పాతబస్తీ_పిల్ల
పుదీనా చట్నీ.

కజ్జికాయల_కనకం
అల్లం పచ్చడి! పెసరట్టులోకి చేసేదే. తీపి, పులుపు, కారం మూడూ ఉన్నాయి. కొంచెం పల్చన చేస్తే చాలు. ఇంతకంటే ఏం కావాలి?

సింగపూర్_సుబ్బు
ఆలోచిస్తే నిజమే. ఇక్కడ వేయించిన వాంటన్‌లకి ఇచ్చేది కూడా పులుపు తీపి సాసే. చింతపండు, బెల్లం, అల్లం ఆ పని ఇంకా బాగా చేస్తాయి. ఇందులో నేను కనకం గారి పక్షం.

ఫ్రిస్కో_శ్రావణి
బుధవారం రాత్రి రిపోర్ట్. గుడ్డు లేని షీట్లు రెండో షాపులో దొరికాయి. అక్కడే నిలబడి ఆరు ప్యాకెట్లు చదివాను. కార్న్‌ని టవల్ మీద ఆరబెట్టి, క్యాప్సికమ్ మానేసి, అటుకులు నలిపి వేశాను. టీస్పూన్ తలకొట్టి పెట్టాను. పది చేసి, గట్టిపడేదాకా ఫ్రీజర్‌లో పెట్టి వేయించాను. పదికి పది నిలిచాయి!! ఒక్కటీ విచ్చుకోలేదు. నూనె తేటగా ఉంది.

ఒక్క సమస్య: పైన చిన్న చిన్న పొక్కుల్లా వచ్చాయి. పర్లేదా?

బెజవాడ_వంటమాస్టర్
అవి రావాలి. షీట్‌లో ఉన్న తేమ ఆవిరైపోతే పొక్కులొస్తాయి, కొరికితే పటపటలాడేది అక్కడే. తీసినవి టిష్యూల మీద కాకుండా కేక్ చల్లార్చే జాలీ మీద వేయండి, కింద కూడా గాలి తగలాలి. ఓవెన్‌ని 200 ఫారన్‌హీట్‌లో పెట్టి జాలీతో పాటు లోపల ఉంచితే అరగంట, ముప్పావుగంట కరకర పోదు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఎడిసన్_హరి
మిగిలినవి మర్నాడు వేడి చేయడానికైతే ఎయిర్ ఫ్రయర్ ఒప్పుకుంటారా? 350లో నాలుగు నిమిషాలు.

మిర్చిబజ్జీ_మల్లేశ్
అందుకు ఒప్పుకుంటున్నా హరన్నా. మైక్రోవేవ్ కంటే నూరు రెట్లు నయం.

ఫ్రిస్కో_శ్రావణి
ఆదివారం పొద్దున్న. ఇల్లంతా బెలూన్ ముక్కలు, కాళ్ళు లాగేస్తున్నాయి, అయినా ముందు ఇక్కడికే వచ్చాను.

గురువారం రాత్రి నేను, అత్తయ్య, మా వారు టేబుల్ చుట్టూ కూర్చుని చుట్టాం. మా వారు త్రికోణాలు. అత్తయ్య జడ అంచులు చూస్తే అచ్చుతో తీసినట్టు ఒకే కొలత. ఆవిడ ఒక్కదానికీ నీళ్ళకోసం రెండోసారి వేలు ముంచలేదు. నేను నాలుగు అల్లేలోపు ఆవిడవి తొమ్మిది. మాట్లాడుతూ మాట్లాడుతూ రాత్రి పదకొండుకి 192 అయ్యాయి.

నిన్న సాయంత్రం సగం అతిథులు రాకముందే వేయించి ఓవెన్‌లో పెట్టాం, మిగతా సగం వాళ్ళు వచ్చాక. నూనెలో విచ్చుకున్నవి మొత్తం మూడు, మూడూ నేను మడిచినవే. పిన్ని వెజ్ ప్లేట్ ముందు ఆగి "ఇందులో ఏముందమ్మా" అని అడిగింది. షీట్ల ప్యాకెట్ దాచి ఉంచాను, తెచ్చి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, ఆరు తింది. శారద గారూ, ఆ ఆరూ మీ పేరు మీదే.

పక్కింటి జైన్ ఆంటీ వాళ్ళవి విడిగా పెట్టానని చూసి నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పాప మాత్రం వాంటన్ ముట్టలేదు, కేక్ మీద స్ట్రాబెర్రీ తిని నిద్రపోయింది.

శాకాహారి_శారద
మా అత్తగారికి చదివి వినిపించాను. "ఆ పిల్లని చల్లగా ఉండమన్నానని చెప్పు" అన్నారు.

సింగపూర్_సుబ్బు
చికెన్ త్రికోణాలు ఎన్ని మిగిలాయి?

ఫ్రిస్కో_శ్రావణి
సున్నా. వెజ్ నాలుగు. అవి మా వారు పొద్దున్నే వేడి చేసుకుని తినేశారు. షీట్లు ఒక పదిహేను మిగిలాయి, వాటినేం చేయొచ్చు?

అనకాపల్లి_బెల్లం
సన్నగా పొడుగ్గా కోసి వేయించి, ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి చల్లండి. సాయంత్రం టీలోకి.

కజ్జికాయల_కనకం
తీపి చేయమ్మా. ఎండు కొబ్బరి, పుట్నాల పొడి, పంచదార, యాలకులు. బెల్లం మాత్రం వేయకు, కరిగి కారుతుంది.

ఎడిసన్_హరి
అల్లం పచ్చడి ఎలా చేశారు? వచ్చే నెల మా ఇంట్లో పార్టీ ఉంది. కొలతలు కావాలి.

ఫ్రిస్కో_శ్రావణి
అత్తయ్యని అడిగి రాస్తున్నా. అల్లం 50 గ్రాములు చెక్కు తీసి, నూనెలో పచ్చివాసన పోయేదాకా. ఎండుమిర్చి 12. చింతపండు పెద్ద నిమ్మకాయంత, వేడి నీళ్ళలో నానబెట్టి. బెల్లం 100 గ్రాములు. ఉప్పు. అన్నీ మెత్తగా రుబ్బి, కప్పు నీళ్ళు పోసి మూడు నిమిషాలు ఉడికించాలి. చల్లారితే చిక్కబడుతుంది కాబట్టి కొంచెం పల్చగా ఉండగానే దించేయాలి. 45 మందికి దీనికి రెండింతలు చేశాం, అయినా ఎనిమిదింటికల్లా గిన్నె ఖాళీ. మీరు మూడింతలు చేయండి.